మీకు తెలుసా? నెట్ పోయినా రౌటర్ పేజీ తెరుచుకుంటుంది

ఖమ్మంలో ఫైబర్ తెగితే కేబుల్ ఆఫీసు మనిషి బండి వేసుకుని వచ్చేస్తాడు. చర్ల, దుమ్ముగూడెం దాటి అడవి అంచున ఉన్న ఊరికి రావాలంటే పొద్దు గూకుతుంది, వాన పడితే మర్నాడే. అందుకే తప్పు ఇంట్లో ఉందో, బయట లైనులో ఉందో ఇంటివాళ్లే తేల్చుకోగలగాలి. రౌటర్ సెట్టింగులు ఇంజినీర్ల వ్యవహారమని వదిలేయక్కర్లేదు. పదో తరగతి పిల్లలు చక్కగా చేసుకోగల పని ఇది.

• నెట్ లేనప్పుడు కూడా రౌటర్ తన పేజీ చూపిస్తుంది. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది, పెట్టె అడుగున అంటించిన చీటీ చూస్తే తెలుస్తుంది. ఆ పేజీ ఇంటర్నెట్ నుంచి రాదు, గోడకు తగిలించిన పెట్టెలోంచే వస్తుంది. అది తెరుచుకుందంటే ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య అంతా బాగున్నట్టే. ఇక పెట్టె మీది దీపాలు చూడండి. ‘లాస్’ దీపం ఎర్రగా మిణుకుమంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదు, మీరు ఏ సెట్టింగు మార్చినా లాభం లేదు, ఫోన్ చేయాల్సిందే. ‘పాన్’ దీపం నిలకడగా పచ్చగా ఉండి నెట్ మాత్రం రాకపోతే, లాగిన్ వివరాల్లోనో సెట్టింగుల్లోనో కంపెనీ దగ్గరో తేడా ఉంది. ఈ రెండు దీపాల తేడా తెలిసినవాళ్లు ఫోన్‌లో చెప్పే ఒక్క మాటతో అవతలి మనిషికి ఒక ప్రయాణం తప్పుతుంది.

• మీ ఇంటి రౌటర్‌దీ, ఖమ్మంలో మీ అక్కయ్య ఇంటి రౌటర్‌దీ ఒకే నంబరు కావచ్చు, అయినా గొడవ రాదు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 429 కోట్లే. అవి చాలవని ముందే గ్రహించిన ఇంజినీర్లు 1996 ఫిబ్రవరిలో మూడు వరుసలను ఇళ్ల కోసం, ఆఫీసుల కోసం ఖాయం చేశారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. ఇవి లోపల వాడుకోవడానికే, బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. మీ ఫోన్ ఏదైనా అడిగినప్పుడు రౌటర్ ఆ లోపలి నంబరు తీసి తన బయటి నంబరు వేసి పంపుతుంది, జవాబు రాగానే ఎవరిదో చూసి అప్పగిస్తుంది.

పొలం దగ్గర మోటారు షెడ్డుకు కెమెరా పెట్టి, దూరం నుంచి చూడాలని, బయటి నుంచి కెమెరాకు దారి తెరిచే ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ చేసి విసిగిపోయినవాళ్లు రౌటర్ పేజీలో ‘వాన్ ఐపీ’ గడి చూడాలి. అక్కడి నంబరు 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే, కంపెనీయే ఎన్నో ఇళ్లను ఒకే బయటి నంబరు వెనక పెట్టిందని అర్థం. అప్పుడు మీ ఇంట్లో ఏ సెట్టింగూ ఆ దారి తెరవదు. మీకంటూ మారని బయటి నంబరు, అంటే స్టాటిక్ ఐపీ అడగాలి, లేదంటే సొంత యాప్ ద్వారా పనిచేసే కెమెరా తీసుకోవాలి.

• వైఫై పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. కానీ పేరుకు 32 బైట్ల చోటే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు, ఒత్తు ముందు వచ్చే పొల్లుకు, సున్నాకు మూడేసి పడతాయి. ఆ లెక్కన ‘భద్రాచలం’ 24 బైట్లతో హాయిగా ఇముడుతుంది. ‘కొత్తగూడెం’ 30తో గట్టెక్కుతుంది. ‘అశ్వారావుపేట’ 36, కుదరదు. ‘దుమ్ముగూడెం’ 33. ఒకే ఒక్క బైటు దగ్గర ఆగిపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. కొన్ని రౌటర్ల పేజీలు తెలుగును అసలు తీసుకోవు. తీసుకునే వాటిలో మాత్రం మన ఊరి పేరు మన లిపిలో కనిపిస్తే ఆ ముచ్చటే వేరు.

• భద్రాచలం దగ్గర రెండు రాష్ట్రాల ఫైబర్ రెండు దారుల్లో నడిచింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక పట్టణం తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణ టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాలను వాడుకున్నారు. గాలివానకు చెట్టు పడితే మొదటిదానికి గండం, రోడ్డు పనికి జేసీబీ దిగితే రెండోదానికి. ‘లాస్’ దీపం ఎర్రబడిన రోజు ఊళ్లో ఈ రెండింటిలో ఏది జరిగిందో కనుక్కోండి.

• వాన చినుకులు వైఫైని దాదాపు ఏమీ చేయలేవు. అడ్డుపడేది తడిసిన ఆకు. ఇంటికీ పెరటి గదికీ మధ్య చెట్లు గుబురుగా ఉంటే వానాకాలంలో సిగ్నల్ పడిపోవడానికి కారణం అదే. మందమైన మట్టి గోడ కూడా తరంగాన్ని పీల్చేస్తుంది, ఇనుప రేకు వెనక్కి తిప్పికొడుతుంది. కాబట్టి రౌటర్‌ను బీరువా పక్కన కాకుండా ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున పెట్టండి. గోడలు దాటాలంటే 2.4 గిగాహెర్ట్జ్ మేలు, ఒకే గదిలో వేగం కావాలంటే 5. భద్రాచలం గుడి చుట్టుపక్కల లాడ్జీల వరుసలో ఉన్నవాళ్లు 2.4లో 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి, ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవవు. నాలుగైదు ఇళ్ల గూడెంలో ఈ బెడద ఉండదు.

• రౌటర్‌కు పాస్‌వర్డులు రెండు. వైఫైది ఒకటి, సెట్టింగుల పేజీది ఇంకొకటి. చాలామంది మొదటిది మార్చి రెండోదాన్ని ‘అడ్మిన్’ అనే ఉంచేస్తారు. 2016లో ‘మిరాయ్’ అనే వైరస్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులు అరవైకి పైగా వరుసగా వేసి చూస్తూనే ప్రపంచమంతటా లక్షల కెమెరాలనూ రౌటర్లనూ చెప్పుచేతల్లోకి తెచ్చుకుంది. రెండూ ఈరోజే మార్చండి.

• చాలా రౌటర్లు 12 వోల్టులతో నడుస్తాయి, కాబట్టి కరెంటు పోయినా బ్యాటరీతో నడపొచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, కబురు మాత్రం అందాలి. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న డీసీ యూపీఎస్ 10 వాట్ల రౌటర్‌ను ఏడు గంటలకు అటూ ఇటూగా నడుపుతుంది. అవతల కంపెనీ పరికరాలకు కరెంటు ఉంటేనే నెట్ వస్తుందన్నది గుర్తుంచుకోండి.

• ఫైబర్ గాజుపోగు, అందులో కరెంటు పారదు. అయినా పిడుగుకు రౌటర్లు కాలిపోతాయి. అడాప్టర్ గుండా, ల్యాన్ తీగ గుండా, కొన్నిసార్లు ఫైబర్‌కు ఊతంగా వేసిన ఉక్కు తీగ గుండా ఆ దెబ్బ వస్తుంది. ఉరుములు దూరంగా ఉన్నప్పుడే ప్లగ్గు తీసేయండి.

• స్విచ్ ఆపి మళ్లీ వేయడం వేరు, వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చడం వేరు. పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి వెళ్తుంది. వైఫై పేరు, పాస్‌వర్డు చీటీ మీదివే తిరిగొస్తాయి. కంపెనీ ఇచ్చిన పీపీపీఓఈ యూజర్ నేమ్, దాని పాస్‌వర్డు, వీల్యాన్ నంబరు మాత్రం చెరిగిపోతాయి, అవి ఏ చీటీ మీదా ఉండవు. బాగా పనిచేస్తున్న రోజునే ‘వాన్’ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పాస్‌వర్డు అక్కడ చుక్కలుగానే కనిపిస్తుంది కాబట్టి దాన్ని కంపెనీని అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి.