ఓపల్: గుర్తించుట, సాన పట్టుట

ఓపల్ రాతిని వెలుతురులో అటునిటు త్రిప్పినచో ఒకే చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలము మారి మారి మెరయును. కెంపు ఎరుపునకు దానిలోని స్వల్పమైన క్రోమియము కారణము. ఓపల్‌లోని ఈ రంగులాటకు అట్టి రంగుపదార్థమేదియు కారణము కాదు.

ఓపల్ సిలికాయు, నీరును కలిసిన పదార్థము. నీరు సాధారణముగా నూటికి 3 మొదలు 10 వంతుల వరకు ఉండును. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, దీనిలో సిలికా గోళములు పేర్చిన నారింజపండ్ల వలె వరుసలు తీరియున్నవని తెలిపిరి. వీని వ్యాసము సుమారు 150 నుండి 300 నానోమీటర్లు. ఈ వరుసలపై పడిన తెల్లని కాంతి వివర్తనము చెంది రంగులుగా విడిపోవును. చిన్న గోళములు నీలము, ఊదా రంగులను, పెద్దవి ఎరుపును కూడ ఈయగలవు. వరుసలు లేనిచో రంగులాట లేదు. అది సామాన్య ఓపల్.

ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీలో లేతరంగు ఓపల్, లైట్నింగ్ రిడ్జ్‌లో నల్ల ఓపల్ దొరకును. ముదురు రాతిపై మెరుపు స్పష్టముగా కనబడుటచే నల్లదానికి వెల హెచ్చు. క్వీన్స్‌లాండ్‌లో ఇనుపరాతి పగుళ్లలో పలుచని పొరగా ఉండునది బౌల్డర్ ఓపల్. ఇథియోపియాలోని వెల్లో ఓపల్ నీటిని పీల్చుకొనును. తడిసినపుడు రంగులు మాయమై, ఆరిన పిదప మరల రావచ్చును. అద్దకపు రంగును కూడ పీల్చుకొనుటచే దానిని నల్ల ఓపల్ వలె చేయుటయు కలదు.

పలుచని ఓపల్ పొరకు క్రింద నల్లని రాయి అతికినది డబ్లెట్; పైన గాజు గాని, స్ఫటికము గాని కూడ అతికినది ట్రిప్లెట్. ప్రక్కనుండి భూతద్దముతో చూచినచో అతుకు తిన్నని గీతగా కనబడును. బౌల్డర్ ఓపల్‌లో ఆ సరిహద్దు సాధారణముగా వంకరటింకరగా ఉండును. అంచు మూసి నగలో పొదిగిన రాతిని ఈ విధముగా పరీక్షించుటకు వీలులేదు.

సాన పట్టువాడు మొదట రంగుపొర ఎటు సాగినదో కనిపెట్టవలెను. పొర రాతి అడుగునకు సమాంతరముగా నిలిచినచో రాయి అంతయు మెరయును. అడ్డముగా కోసినచో సన్నని చారలే మిగులును. ఓపల్‌ను సాధారణముగా ఉబ్బెత్తుగా తీర్తురు. పారదర్శకమైన మెక్సికో అగ్ని ఓపల్‌కు మాత్రము పలకలు తీర్చుట కలదు. సానచక్రముపై ఎల్లప్పుడు నీరు పడుచుండవలెను. వేడెక్కినచో రాయి పగులును. చివర సీరియము ఆక్సైడుతో మెరుగు పెట్టుదురు.

ఓపల్ కాఠిన్యము 5.5 నుండి 6.5; స్ఫటికమునకు 7. అందుచే దుమ్ములోని స్ఫటికపు రేణువులు సైతము దానిని గీయగలవు. రంగుపొర పలుచన, సాన ఒక్కింత హెచ్చినచో అరిగిపోయిన రంగును ఏ పనివాడును తిరిగి తేలేడు.