ఆట ఆగాక మొదలయ్యే ఉద్యోగం

కామారెడ్డిలోనో, ఎల్లారెడ్డిలోనో సాయంత్రం ఫుట్‌బాల్ ఆడి ఇంటికెళ్తే మీకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘బాల్ తంతే నౌకరీ వస్తదా?’ ఆటగాడిగా బతకడం కష్టమే. కానీ ఆట చుట్టూ ఉద్యోగాలున్నాయి. వాటిలో కోచ్ ఒకటి.

హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్‌నే చూడండి. డిఫెండర్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. అదే ఏడాది అర్జున అవార్డు. కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన ఆయనే తర్వాత ఆ క్లబ్‌కు కోచ్‌గా వెళ్లి, 1990లో ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించారు. ద్రోణాచార్య కూడా అందుకున్నారు. ఫిట్‌నెస్ దగ్గర అస్సలు రాజీపడరని ఆయనకు పేరు.

మరో హైదరాబాదీ షబ్బీర్ అలీ. 1974 ఆసియా యూత్ టోర్నీలో ఇరాన్‌తో కలిసి సంయుక్త విజేతగా నిలిచిన మన జట్టుకు కెప్టెన్. కోచ్‌గా గోవా క్లబ్ సాల్గావ్‌కర్‌కు 1998-99 జాతీయ లీగ్ టైటిల్ అందించారు.

బాగా ఆడితే కోచింగ్ అదే వచ్చేస్తుందనుకోకండి. బాగా కోడ్ రాసేవాళ్లంతా మంచి టీమ్ లీడ్‌లు అవుతున్నారా? (మా సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి, గంట చెప్తారు.) పదకొండు మందిని ఎంచుకోవడం ఒక ఎత్తు. బెంచీ మీద కూర్చోబెట్టినవాడికి కారణం చెప్పి, వాడి ఉత్సాహం చావకుండా చూడటం ఇంకో ఎత్తు. ఓడితే ముందు ఊడేది కోచ్ ఉద్యోగమే, అది కూడా తెలుసుకునే దిగండి.

ఇప్పుడు పేరొక్కటే చాలదు, లైసెన్స్ కావాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘డి’ లైసెన్స్ కోర్సు కొద్ది రోజులదే. ఆపైన ఏఎఫ్‌సీ సి, బి, ఎ, చివర ప్రో. ఒక్కో మెట్టుకూ మధ్య జట్టుతో పనిచేసిన అనుభవం కావాలి కాబట్టి ఏళ్లు పడుతుంది. ప్రభుత్వ కోచ్ పోస్టులకైతే సాధారణంగా ఎన్‌ఐఎస్ డిప్లొమా అడుగుతారు. కంప్యూటర్ మీద చెయ్యి తిరిగినవాళ్లకు మ్యాచ్ వీడియోల నుంచి డేటా తీసే అనలిస్ట్ పని కూడా ఉంది. బీటెక్ వాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకర్థం కాదు.

ఇంట్లో ‘గ్యారంటీ ఏంది?’ అంటే, డిగ్రీ తర్వాత బీపీఈడీ చేసి స్కూల్ వ్యాయామ విద్య పోస్టులకు పోటీపడుతూనే లైసెన్సులు పూర్తి చేయొచ్చు. దానికి పీఈసెట్ రాయాలి. అందులో పరుగు, జంప్ లాంటి పరీక్షలుంటాయి, గ్రౌండ్‌కు వెళ్లడం మాత్రం మానకండి.