చిన్న ఫుల్‌రేంజ్ స్పీకర్ల స్వయం నిర్మాణం: డ్రైవర్, పెట్టెల ఎంపికకు ఆధారసూత్రాలు

వ్యాస సంగ్రహం:

ఒకే డ్రైవర్‌తో పనిచేసే చిన్న స్పీకర్‌ను సొంతంగా తయారుచేసుకునేవారు సాధారణంగా ముందు డ్రైవర్‌ను కొని, ఆ తరువాత అందుబాటులో ఉన్న పెట్టెలో దాన్ని అమరుస్తారు. డ్రైవర్ ఎంపిక, పెట్టె ఎంపిక అనేవి రెండు వేర్వేరు నిర్ణయాలు కావనీ, డ్రైవర్ గుణాంకాలే పెట్టె రకాన్నీ పరిమాణాన్నీ నిర్దేశిస్తాయనీ ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు మౌఖిక సాహిత్య ధ్వనిముద్రణలను వినడం, తరగతిలో వినిపించడం అనే ప్రయోజనాన్ని దృష్టిలో ఉంచుకొని, 3 అంగుళాల డ్రైవర్‌కు సంబంధించిన ఒక నమూనా గణనను ఇందులో చూపడం జరిగింది.

కీలక పదాలు: ఫుల్‌రేంజ్ డ్రైవర్, అనునాదం, థీల్-స్మాల్ గుణాంకాలు, మూసిన పెట్టె, బాస్ రిఫ్లెక్స్, ఊష్మాలు.

1. ప్రవేశిక:

హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ, పద్యనాటకం వంటి ప్రక్రియలపై పరిశోధన చేసేవారికి ధ్వనిముద్రణ ఒక ప్రాథమిక ఆకరం. పాఠాన్ని రాసుకునేటప్పుడు గాయకుడు పలికింది 'శ'కారమా 'స'కారమా, అల్పప్రాణమా మహాప్రాణమా అనే సందేహం తరచుగా కలుగుతుంది. వినే సాధనం ఆ భేదాన్ని మరుగుపరిస్తే, రాసుకున్న పాఠంలోనే దోషం చేరుతుంది. కాబట్టి స్పీకర్ నాణ్యత పరిశోధన విశ్వసనీయతకు కూడా సంబంధించిన విషయం.

నేడు మనం వాడుతున్న స్పీకర్‌కు మూలరూపాన్ని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో ప్రకటించారు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు చుట్ట కదులుతుంది. దానికి అతికించిన కాగితపు కోన్ గాలిని కదిలిస్తుంది. ఈ మొత్తం యంత్రాంగానికే 'డ్రైవర్' అని పేరు. శ్రవ్య పౌనఃపున్యాలలో అధిక భాగాన్ని ఒక్కటే వినిపించగలిగితే అది 'ఫుల్‌రేంజ్' డ్రైవర్ అవుతుంది.

2. ఒకే డ్రైవర్ వల్ల ప్రయోజనం, పరిమితి:

రెండు డ్రైవర్లున్న స్పీకర్లలో ధ్వనిని విభజించే క్రాసోవర్ వలయం చాలా సందర్భాలలో 2,000 – 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. మానవ శ్రవణేంద్రియం ఎక్కువ సున్నితంగా ఉండేదీ, హల్లుల భేదాలు స్పష్టమయ్యేదీ ఆ పరిసరాలలోనే. క్రాసోవర్ రూపకల్పనలో అనుభవం లేనివారు అక్కడే పొరపాటు చేసే అవకాశం ఉంది. ఒకే డ్రైవర్ ఉన్నప్పుడు ఈ సమస్య ఉత్పన్నం కాదు.

డ్రైవర్ పరిమాణానికీ ధ్వని వ్యాప్తికీ సంబంధం ఉంది. తరంగదైర్ఘ్యం కోన్ చుట్టుకొలత కంటే తక్కువయ్యేకొద్దీ ధ్వని పక్కలకు విస్తరించకుండా ముందుకే కేంద్రీకృతమవుతుంది. 32 చదరపు సెం.మీ. ప్రభావ వైశాల్యం గల 3 అంగుళాల డ్రైవర్‌లో ఈ మార్పు సుమారు 1,700 హెర్ట్జ్ వద్ద మొదలవుతుంది. 8 అంగుళాల డ్రైవర్‌లో అది 700 హెర్ట్జ్ లోపే ప్రారంభమవుతుంది. 'స'కారం పలికేటప్పుడు వెలువడే శక్తి ప్రధానంగా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అందువల్ల పెద్ద డ్రైవర్‌కు ఎదురుగా కూర్చున్న విద్యార్థికి స్పష్టంగా వినిపించే ఊష్మం, పక్క వరుసలోని విద్యార్థికి మందంగా వినిపించవచ్చు. వాక్కు ప్రధానమైనప్పుడు 3 లేదా 4 అంగుళాల డ్రైవర్‌ను ఎంచుకోవడానికి ఇదే ముఖ్య కారణం. అయితే చిన్న కోన్ మంద్ర ధ్వనులను బలంగా వినిపించలేదు. ఈ లోటును ఎంతవరకు అంగీకరించాలన్నదే పెట్టె ఎంపికలోని అసలు ప్రశ్న.

3. డ్రైవర్ స్వభావాన్ని తెలిపే గుణాంకాలు:

ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో ప్రచురించిన పరిశోధన, సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ కొనసాగించి 1972, 1973లలో ప్రకటించిన వ్యాసాలు ఈ రంగాన్ని ఊహల నుంచి గణనకు మళ్లించాయి. వారి పేర్లతోనే వ్యవహరించే గుణాంకాలలో మూడు మనకు ముఖ్యం.

మొదటిది ఎఫ్ఎస్. ఇది పెట్టెలో అమర్చకముందు డ్రైవర్‌కుండే సహజ అనునాద పౌనఃపున్యం. రెండవది క్యూటీఎస్. అనునాదం వద్ద కోన్ కదలిక ఎంత త్వరగా అదుపులోకి వస్తుందో ఇది తెలుపుతుంది. అయస్కాంతం బలమైనదైతే ఈ అంకె తక్కువగానూ, బలహీనమైతే ఎక్కువగానూ ఉంటుంది. మూడవది వీఏఎస్. కోన్‌ను పట్టి ఉంచే అంచుల స్థితిస్థాపకతకు సమానమైన స్థితిస్థాపకతను ఎన్ని లీటర్ల గాలి చూపుతుందో ఇది సూచిస్తుంది.

క్యూటీఎస్ 0.4కు దిగువన ఉంటే గొట్టం ఉన్న పెట్టె, సుమారు 0.4 – 0.6 మధ్య ఉంటే మూసిన పెట్టె, 0.7 దాటితే వెనుకభాగం తెరిచి ఉన్న పలక అనుకూలమని స్థూలంగా చెప్పవచ్చు.

పాత సామాను దుకాణాలలో దొరికే డ్రైవర్లకు గుణాంకాల పత్రం ఉండదు. అప్పుడు ఎఫ్ఎస్‌ను ఇంట్లోనే కొలవవచ్చు. చిన్న ఆంప్లిఫయర్‌కూ డ్రైవర్‌కూ మధ్య 1,000 ఓమ్‌ల నిరోధాన్ని శ్రేణిలో కలిపి, పౌనఃపున్యాన్ని క్రమంగా మారుస్తూ డ్రైవర్ కొసల మధ్య వోల్టేజిని మల్టీమీటర్‌తో చూడాలి. మంద్రస్థాయిలో వోల్టేజి గరిష్ఠమయ్యే చోటే ఎఫ్ఎస్. ఆ తరువాత కోన్ మధ్యభాగానికి తెలిసిన బరువును తాత్కాలికంగా అంటించి మళ్లీ కొలవాలి. ఉదాహరణకు 1 గ్రాము అంటించినప్పుడు అనునాదం 100 నుంచి 80 హెర్ట్జ్‌కు దిగితే, కదిలే భాగాల బరువు సుమారు 1.8 గ్రాములు. ఈ బరువు నుంచీ, కోన్ వైశాల్యం నుంచీ గణిస్తే వీఏఎస్ సుమారు 2 లీటర్లని తేలుతుంది.

4. మూసిన పెట్టె:

అమెరికాలో ఎడ్గార్ విల్‌చర్ 1954లో, పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగుగా వాడుకొని చిన్న పెట్టె నుంచి గంభీరమైన ధ్వనిని సాధించవచ్చని నిరూపించారు. దీని గణన సులభం. వీఏఎస్‌ను పెట్టె ఘనపరిమాణంతో భాగించి, 1 కలిపి, వర్గమూలం కట్టాలి. ఆ ఫలితంతో ఎఫ్ఎస్‌ను గుణిస్తే పెట్టెలోని అనునాదం, క్యూటీఎస్‌ను గుణిస్తే పెట్టెలోని క్యూ లభిస్తాయి. క్యూ 0.707 అయినప్పుడు మంద్రస్థాయి ఉబ్బకుండా, అతి తక్కువ పౌనఃపున్యం వరకు సమంగా సాగుతుంది.

ఎఫ్ఎస్ 100 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 2 లీటర్లు గల డ్రైవర్‌ను నమూనాగా తీసుకుందాం. ధ్వని 3 డెసిబెల్స్ తగ్గే పౌనఃపున్యాన్ని ఇక్కడ 'దిగువ హద్దు' అని వ్యవహరిస్తున్నాం.

అర లీటరు పెట్టెలో: క్యూ 1.12, దిగువ హద్దు 168 హెర్ట్జ్, దానికి పైన సుమారు 2 డెసిబెల్స్ ఉబ్బు.
1 లీటరు పెట్టెలో: క్యూ 0.87, దిగువ హద్దు 147 హెర్ట్జ్, అర డెసిబెల్ ఉబ్బు.
2 లీటర్ల పెట్టెలో: క్యూ 0.707, దిగువ హద్దు 141 హెర్ట్జ్, ఉబ్బు లేదు.
4 లీటర్ల పెట్టెలో: క్యూ 0.61, దిగువ హద్దు 144 హెర్ట్జ్, ఉబ్బు లేదు.

పెట్టె పెద్దదయ్యేకొద్దీ మంద్రధ్వని పెరుగుతుందనే సామాన్య అభిప్రాయం పూర్తిగా సరికాదని ఈ గణన తెలుపుతోంది. 2 లీటర్ల నుంచి 4 లీటర్లకు పెంచడం వల్ల దిగువ హద్దు మెరుగుపడలేదు. మరోవైపు అర లీటరు పెట్టెలో పురుష స్వరం డొల్లగా, ముక్కుతో పలికినట్లు వినిపిస్తుంది. ఇటువంటి స్పీకర్‌ను విన్నవారు లోపం డ్రైవర్‌లో ఉందని భావిస్తారు. నిజానికి అది పెట్టె కొలతలో ఉన్న లోపం.

5. గొట్టం ఉన్న పెట్టె:

ఈ రకాన్ని బాస్ రిఫ్లెక్స్ అంటారు. ఇరుకు మూతి గల సీసా అంచుపై ఊదినప్పుడు ధ్వని పుట్టినట్లే, పెట్టెలోని గాలి, గొట్టంలోని గాలి కలిసి ఒక పౌనఃపున్యం వద్ద అనునదిస్తాయి. అక్కడ కోన్‌కు బదులుగా గొట్టమే అధిక ధ్వనిని వెలువరిస్తుంది. ఎఫ్ఎస్, వీఏఎస్ పై ఉదాహరణలోనివే అయి, అయస్కాంతం బలంగా ఉండి క్యూటీఎస్ 0.38 గల డ్రైవర్‌ను తీసుకుంటే, థీల్ పట్టికలోని ఒక ప్రసిద్ధ అమరిక ప్రకారం 1.4 లీటర్ల పెట్టె చాలు. దాన్ని 100 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తే దిగువ హద్దు కూడా 100 హెర్ట్జ్‌కు చేరుతుంది. ఇందుకు 2.5 సెం.మీ. లోపలి వ్యాసం, సుమారు 8.5 సెం.మీ. పొడవు గల పీవీసీ గొట్టం అవసరం. దుకాణంలో చెప్పే కొలత చాలాసార్లు వెలుపలి వ్యాసం కాబట్టి లోపలి వ్యాసాన్ని స్వయంగా కొలుచుకోవాలి. గొట్టం ఆక్రమించే చోటును పెట్టె ఘనపరిమాణానికి అదనంగా కలపాలి.

ఈ లాభానికి ప్రతిగా రెండు నష్టాలున్నాయి. మూసిన పెట్టెలో దిగువ హద్దు తరువాత ధ్వని అష్టకానికి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గితే, ఇందులో 24 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. రెండవది ఇంకా ముఖ్యమైనది. శ్రుతి చేసిన పౌనఃపున్యానికి దిగువన పెట్టెలోని గాలి కోన్‌ను నిలువరించలేదు. క్షేత్రస్థాయి ధ్వనిముద్రణలలో మైకుకు తగిలిన గాలి రొద, చేతి కదలికల శబ్దం ఆ ప్రాంతంలోనే ఉంటాయి. అవి కోన్‌ను అదుపు తప్పేలా కదిలించి, పైనున్న స్వరాన్ని కూడా వికృతపరుస్తాయి. కాబట్టి గొట్టం ఉన్న పెట్టెను ఎంచుకున్నవారు ఆ తక్కువ పౌనఃపున్యాలను ముందుగానే వడపోయాలి.

6. దాటలేని పరిమితులు:

కేఎల్‌హెచ్ సంస్థ స్థాపకులలో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది. చిన్న పెట్టె, లోతైన మంద్రధ్వని, అధిక దక్షత అనే మూడింటిలో ఏ రెండింటినైనా పొందవచ్చు గానీ మూడింటినీ కలిపి పొందలేము. దక్షత మారకుండా దిగువ హద్దును 141 నుంచి 70 హెర్ట్జ్‌కు దించాలంటే పెట్టె ఎనిమిది రెట్లు, అంటే 16 లీటర్లు కావాలి. అది కూడా అందుకు తగిన వేరొక డ్రైవర్‌తోనే సాధ్యం.

కోన్ కదలిక మరొక హద్దు. ఒకే స్థాయి ధ్వనిని సగం పౌనఃపున్యం వద్ద వినిపించడానికి కోన్ నాలుగు రెట్లు కదలాలి. మన నమూనా డ్రైవర్ ఒక వైపు 3 మి.మీ. కదలగలదనుకుంటే, గోడలో పొదిగినప్పుడు 1 మీటరు దూరంలో 100 హెర్ట్జ్ వద్ద 88 డెసిబెల్స్ వరకు, 50 హెర్ట్జ్ వద్ద 76 డెసిబెల్స్ వరకు మాత్రమే ఇవ్వగలదు. అధిక వాట్ల ఆంప్లిఫయర్ ఈ పరిమితిని తొలగించలేదు.

అయినప్పటికీ వాక్కు విషయంలో ఇది పెద్ద లోటు కాదు. 300 – 3,400 హెర్ట్జ్ పరిధికే పరిమితమైన సాంప్రదాయిక టెలిఫోనులో పురుష స్వరపు మూల పౌనఃపున్యం చేరకపోయినా, దాని గుణిజాల ఆధారంగా చెవి ఆ స్థాయిని గ్రహిస్తుంది. మృదంగపు ఎడమవైపు గంభీరనాదాన్ని విశ్లేషించదలచినవారికి మాత్రం ఈ చిన్న స్పీకర్ చాలదు.

7. పెట్టె నిర్మాణం:

2 లీటర్ల పెట్టెకు లోపలి కొలతలు 10 × 12.5 × 16 సెం.మీ.గా తీసుకోవచ్చు. డ్రైవర్ వెనుకభాగం ఆక్రమించే మేరకు వీటిని కొద్దిగా పెంచాలి. అన్ని వైపులా సమానంగా ఉండే ఘనాకారంలో నిలువు తరంగాలు ఒకే పౌనఃపున్యం వద్ద గుమిగూడుతాయి కాబట్టి ఆ ఆకారం తగదు. 12 మి.మీ. ప్లైవుడ్ ఈ పరిమాణానికి సరిపోతుంది. మూసిన పెట్టె కీళ్లలో గాలి పోయే సందు ఉండరాదు. లోపల వదులుగా నింపిన దూది వంటి పీచు ప్రతిధ్వనులను తగ్గించి, పెట్టె కొద్దిగా పెద్దదైనట్లు ప్రవర్తించేలా చేస్తుంది.

ముందుపలక వెడల్పు కూడా ధ్వనిని ప్రభావితం చేస్తుంది. 12.4 సెం.మీ. వెడల్పు గల పలకతో సుమారు 900 హెర్ట్జ్‌కు దిగువన ధ్వని క్రమంగా వెనుకకు కూడా వ్యాపించి, ముందున్న శ్రోతకు 6 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. గొంతు పలుచగా వినిపించడానికి తరచుగా ఇదే కారణం. స్పీకర్‌ను గోడకు దగ్గరగా ఉంచితే ఈ నష్టం చాలావరకు భర్తీ అవుతుంది. అది వీలుకాని చోట కంప్యూటర్‌లోని ఈక్వలైజర్‌తో ఆ ప్రాంతాన్ని 3 – 4 డెసిబెల్స్ పెంచవచ్చు.

8. ముగింపు:

పై చర్చను బట్టి ఎంపిక క్రమం స్పష్టమవుతుంది. ముందు వినదలచిన ధ్వని స్వభావాన్ని నిర్ణయించుకోవాలి. దానికి తగిన పరిమాణంలో గుణాంకాలు తెలిసిన, లేదా కొలవగలిగిన డ్రైవర్‌ను ఎంచుకోవాలి. ఆ అంకెల నుంచి పెట్టెను గణించి, చివరగా చెక్కను కోయాలి. మానవ స్వరం, ముఖ్యంగా క్షేత్ర ధ్వనిముద్రణలు ప్రధానమైనప్పుడు 0.5 పరిసరాలలో క్యూటీఎస్ గల 3 అంగుళాల డ్రైవర్, 2 లీటర్ల మూసిన పెట్టె, గోడకు చేరువగా అమరిక అనేవి సులభమైన, నమ్మదగిన పరిష్కారం. ఈ స్పీకర్ మంద్రనాదంలో కొంత కోల్పోతుంది. ఊష్మాల భేదాన్ని గది పక్క వరుస వరకు చేర్చడంలో మాత్రం ఒకే పెద్ద డ్రైవర్ గల పెట్టె కంటే ఇది మేలు. పాఠనిర్ణయానికి అవసరమైనది ఆ భేదమే.