వేసవి దుక్కులు – తీతువు పిట్ట గూళ్లు

పరవాడ పరిసరాల్లో సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీల నడుమ ఇంకా చెరువుగట్లు, వరి మళ్లు, బీడు భూములు మిగిలి ఉన్నాయి. నీటికి చేరువలోని ఇటువంటి ఆరుబయలు నేలలే తీతువు పిట్టకు అనువైన ఆవాసం. దీని శాస్త్రీయ నామం వానెల్లస్ ఇండికస్. రాత్రివేళ దీని అరుపు అశుభ సూచకమని పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. వాస్తవానికి అది తన గూటి దరికి కుక్క, ముంగిస లేదా మనిషి వచ్చినపుడు చేసే హెచ్చరిక.

ఆకారం: ఈ పక్షి సుమారు 32 నుండి 35 సెంటీమీటర్ల పొడవుంటుంది. తల, గొంతు, రొమ్ము నలుపు, వీపు, రెక్కలు లేత గోధుమ వర్ణం, పొట్ట తెలుపు. కంటి వెనుక నుండి మెడ పక్కగా తెల్లని పట్టీ దిగుతుంది. ముక్కు ఎరుపు, దాని కొన నలుపు. పొడవైన కాళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. కంటి ముందున్న ఎర్రని కండను బట్టి దీనిని సులువుగా గుర్తించవచ్చు.

ఆహారం: కొద్ది అడుగులు పరుగెత్తి, ఆగి, ముందుకు వంగి నేలను పొడవడం దీని మేత పద్ధతి. పెంకు పురుగులు, చీమలు, లార్వాలు, నత్తలు ప్రధాన ఆహారం. గింజలను కొంతమేర తింటుంది. వెన్నెల రాత్రులలోనూ మేస్తుంది.

సంతానోత్పత్తి: ఇది ప్రధానంగా మార్చి నుండి ఆగస్టు వరకు గుడ్లు పెడుతుంది. నేలపై చిన్న గుంట చేసి, చుట్టూ గులకరాళ్లు, మేక పెంటికలు చేర్చి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టి రంగుపై నల్ల మచ్చలుండే ఆ గుడ్లను గుర్తించడం కష్టం. ఆడ, మగ పక్షులు రెండూ సుమారు 28 రోజులు పొదుగుతాయి. తీవ్రమైన ఎండలో రొమ్ము ఈకలను నీటిలో తడిపి వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. పిల్లలు పుట్టిన కొద్దికాలానికే గూడు విడిచి, స్వయంగా మేత వెదుక్కుంటాయి.

విస్తరణ సిబ్బందికి సూచన: భూమిలోని పురుగుల కోశస్థ దశలు ఎండకు, పక్షులకు బయటపడాలని వేసవి దుక్కులు సిఫారసు చేస్తారు. అయితే ఆ పురుగులను ఏరితినే తీతువు గుడ్లు అదే నాగలి కింద నలిగిపోతున్నాయి. కనుక దున్నడానికి ముందు రైతు పొలాన్ని ఒకసారి పరిశీలించాలి. పిట్ట అరుస్తూ తలపై తిరిగితే గూడు సమీపంలోనే ఉన్నట్లు భావించాలి. దూరంగా నిలిచి గమనిస్తే, అది తిరిగి వచ్చి కూర్చున్న చోటు తెలుస్తుంది. అక్కడికి కొద్ది ఎడంగా నాలుగు పుల్లలు పాతి, ఆ మేర దున్నకుండా వదలాలి. గుడ్లను తాకరాదు, వేరొక చోటికి మార్చరాదు. సుమారు నాలుగు వారాలలో పిల్లలు వెళ్లిపోతాయి. అప్పుడు ఆ కొద్దిపాటి నేలనూ దున్నుకోవచ్చు.