ఊసరవెల్లి మీద మనం మోపిన నింద



గత వర్షాకాలములో పెడన దగ్గర ఒక గ్రామములో గృహకూడిక ముగించుకొని తిరిగి వస్తున్నాము. చెరువుగట్టు మీద తుమ్మచెట్టు క్రింద నలుగురైదుగురు పిల్లలు రాళ్ళు విసురుతున్నారు. ఆగి చూచాము. కొమ్మను పట్టుకొని ఒక ఊసరవెల్లి ఉన్నది. పచ్చగా ఉన్నది కాస్తా, రాయి దగ్గరగా పడేసరికి నల్లమచ్చలతో ముదురు రంగుకు తిరిగింది. "అయ్యగారూ, దగ్గరకు పోకండి! కరిస్తే మంచినీళ్ళు కూడా అడగరు" అని ఒక పిల్లవాడు కేక వేశాడు. రాళ్ళు క్రింద పడవేయించి, దానిని పొదలలోనికి పోనిచ్చాము.

ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ పిల్లలలో ఇద్దరు మా సండేస్కూలు పిల్లలే. వేషధారిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా "ఊసరవెల్లిలా రంగులు మార్చేవాడు" అని ప్రసంగాలలో అన్నది మేమే. ఆ రాళ్ళలో మా చేయి కూడా ఉన్నదనిపించింది. అసలు సంగతి తెలుసుకోవాలని పుస్తకాలు తిరగవేశాము.

ఊసరవెల్లికి విషం లేదు. అది పురుగులను తిని బ్రతికే సాధుజీవి. చుట్టూ ఉన్న రంగును చూచి మోసగించుటకే అది రంగు మారుస్తుందనే మాట చాలావరకు నిజం కాదు. భయం, కోపం, మరొక మగదానితో పోటీ, జతను పిలుచుట, ఎండ, చలి, ఇవే ముఖ్య కారణాలు. చలిగా ఉన్న ఉదయాన ముదురు రంగుకు మారి ఎండ వేడిని ఎక్కువగా గ్రహిస్తుంది.

ఇది ఎలా జరుగుతుందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కర్ ఊసరవెల్లులను పరిశీలించి తెలిపారు. దాని చర్మములో కంటికి కనబడనంత చిన్న స్ఫటికాలు వరుసలుగా ఉంటాయి. మన పొలములో వరినాట్లవలె అనుకోండి. నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ వరుసలు దగ్గర దగ్గరగా ఉండి నీలికాంతిని వెనుకకు పంపుతాయి. చర్మములోని పసుపు వర్ణముతో అది కలిసి మనకు ఆకుపచ్చగా కనబడుతుంది. ఉద్రేకపడినప్పుడు వరుసలు ఎడమవుతాయి. అప్పుడు పసుపు, ఎరుపు పైకి వస్తాయి. లోపల ఉన్నదానిని దాచుటకు బదులు ఆ ప్రాణి బయట పెట్టుచున్నదన్నమాట!

కంచె మీద తలాడించే తొండ సంగతీ ఇంతే. జతకట్టే కాలములో మగ తొండ గొంతు ఎర్రబడుతుంది. రక్తం త్రాగినందువలన వచ్చిన ఎరుపు కాదది. పొలాలలో పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు కూడా ఆ కాలములో తల, మెడ మీద నారింజ రంగు ఈకలు వస్తాయి. దానిని మాత్రం ఎవరూ రాళ్ళతో కొట్టరు.

మన ఇండ్లలోనూ రంగులు మారుతూనే ఉంటాయి. బూడిదరంగు రొయ్యను పొయ్యిమీద పెట్టగానే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ముందునుండే దానిలో ఉన్నది. నాచులోనుండి, మేతలోనుండి వచ్చిన ఆ వర్ణాన్ని ఒక మాంసకృత్తు పట్టి ఉంచి కప్పివేస్తుంది. వేడికి ఆ పట్టు విడిపోతుంది. ఇక చల్లారినా పాత రంగు రాదు.

పసుపు మరక పడిన చీరకు సబ్బు రుద్దితే మరక ఎర్రబడుతుంది. సబ్బులోని క్షారమే దానికి కారణం. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపే. పిల్లలచేత ఈ ప్రయోగం చేయించండి.

పెడన కలంకారీవారి పని ఇంకా విచిత్రం. గుడ్డను కరక్కాయ రసములో తడిపి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టిన ద్రవముతో అచ్చు వేస్తే, ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి నల్లరంగు పుడుతుంది. పటిక అద్దినచోట మొదట ఎరుపు కనబడదు. వేళ్ళ రంగునీటిలో ఉడికించిన తరువాతనే అచ్చంతా ఎర్రగా బయటపడుతుంది. పటిక రంగును నూలుకు కట్టివేస్తుంది గనుక ఉతికినా పోదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్నములో వర్తకస్థానం పెట్టుకొన్నది ఈ తీరపు వస్త్రాల కొరకే.

మరుసటి నెల అదే గ్రామములో ఇవన్నీ చెప్పాము. ఒక పెద్దాయన లేచి, "లేవీయకాండములో అది అపవిత్రమని ఉన్నది కదా అయ్యగారూ?" అని అడిగారు. మంచి ప్రశ్నే. ఆ అధ్యాయం వేటిని తినకూడదో, వేటి కళేబరాన్ని ముట్టకూడదో చెప్పింది గాని, కనబడినదానినెల్లా చంపమని చెప్పలేదన్నాము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఊసరవెల్లికి రక్షణ కల్పించినదని తెలియజేశాము. ఆయన తల ఊపి కూర్చున్నారు.

ఆనాడు కేక వేసిన పిల్లవాడు మాత్రం కూడిక అయిన తరువాత మా దగ్గరకు వచ్చి, "అయితే మేము కొట్టినప్పుడు అది భయపడి నల్లబడిందా అండీ?" అని మెల్లగా అడిగాడు. అవునన్నాము. వాడు ఇక ఏమీ మాట్లాడలేదు.

ఆ పోలికను మేము ప్రసంగాలలో వాడుట మానివేశాము. తల్లిదండ్రులారా, మీ పిల్లల చేతిలో రాయి కనబడితే, దెబ్బలాడకముందు ఈ సంగతి వారికి చెప్పండి.