చక్రాల ఇల్లు, గాలి బాకీ

విద్యుత్ పికప్ వాహనం వెనుక ట్రావెల్ ట్రైలర్‌ను, అంటే మంచాలు, వంటగది, స్నానపు గది ఉన్న చక్రాల ఇంటిని తగిలించి హైవే ఎక్కితే, ఒక్క చార్జింగ్‌తో 400 కిలోమీటర్లకు పైగా వెళ్లగలిగిన ఆ వాహనం సగం దూరానికే, ట్రైలర్ ఎత్తైన పెట్టె ఆకారంలో ఉంటే అంతకన్నా ముందే, చార్జింగ్ కేంద్రాన్ని వెతుక్కోవలసి వస్తుంది. ఈ నష్టమంతా బరువు వల్లనేనని సాధారణంగా అనుకుంటారు గాని, అందులో పెద్ద వాటా గాలిది. ఆ సంగతిని విద్యుత్ పికప్‌లు రావడానికి ఎనభై ఏళ్లకు పైగా ముందే తన చేతిపనిలో చూపినవాడు కాలిఫోర్నియాకు చెందిన గ్లైడర్ నిర్మాత హాలీ బౌలస్.

1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ విమానాన్ని శాన్ డియాగోలోని ర్యాన్ సంస్థలో తయారు చేసినప్పుడు నిర్మాణ పనులను పర్యవేక్షించింది బౌలసే. తరువాత లిండ్‌బర్గ్ దంపతులకు గ్లైడర్ నడపడం నేర్పినదీ ఆయనే. గ్లైడర్‌కు ఇంజన్ ఉండదు కనుక దాని నిర్మాత అనవసరపు బరువును, గాలికి అడ్డుపడే ప్రతి అంచును శత్రువులుగా చూస్తాడు. ట్రైలర్‌కూ సొంత ఇంజన్ ఉండదు కనుక అదే దృష్టి ఇక్కడా పనికివచ్చింది. 1934లో వెలువడిన ఆయన ‘రోడ్ చీఫ్’ డ్యూరాల్యూమిన్‌తో, అంటే అల్యూమినియంలో కొద్దిగా రాగి, మెగ్నీషియం వంటివి కలిపిన మిశ్రలోహపు రేకులతో, విమానాల పద్ధతిలో రివెట్లు బిగించి చేసిన బండి. దాని గుండ్రని ముందుభాగం గాలిని చీల్చకుండా పక్కలకు జార్చేది, సన్నబడుతూ పోయే వెనుకభాగం ఆ గాలిని సుడి తిరగనీయకుండా మళ్లీ కలిపేది. తలుపు మాత్రం ముందువైపున, కారుకు తగిలించే కొక్కెం దగ్గర ఉండేది. 1936లో బౌలస్ సంస్థ దివాలా తీయగా, ఆ నమూనాను ట్రైలర్ల తయారీదారు వాలీ బైయమ్ అందిపుచ్చుకొని, తలుపును పక్కకు మార్చి ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’గా విపణిలోకి తెచ్చాడు. గాలి గురించి బౌలస్‌కు ఎంత తెలుసో, లోపలికి అడుగుపెట్టే మనిషి గురించి బైయమ్‌కు అంత తెలుసని ఆ ఒక్క తలుపే చెబుతుంది. ఆ తరువాతి దశాబ్దాల్లో బైయమ్ సంస్థ ఎయిర్‌స్ట్రీమ్ నిలిచినా, చవకగా తయారై ఎక్కువ సామాను పట్టే పెట్టె ఆకారపు ట్రైలర్లే రోడ్లను ఆక్రమించాయి.

ఆ పెట్టె చేసే నష్టాన్ని కొలవాలంటే చిన్న లెక్క చాలు. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. ముందు వెళ్లే వాహనం కొంత గాలిని అడ్డుకున్నాక కూడా, ఎత్తైన ట్రైలర్ అదనంగా మూడు చదరపు మీటర్ల నిరోధ వైశాల్యాన్ని, అంటే ఎదురుగా కనిపించే వైశాల్యాన్ని ఆకారపు గుణకంతో హెచ్చించగా వచ్చే విలువను, చేర్చుతుందనుకుంటే, గంటకు 90 కిలోమీటర్ల వేగంలో దానిని లాగడానికి సుమారు 1,125 న్యూటన్ల బలం కావాలి; వంద కిలోమీటర్లకు ఇది 31 యూనిట్ల విద్యుత్తుకు సమానం, ఇక్కడ యూనిట్ అంటే ఇంటి కరెంటు బిల్లులో కనిపించే కిలోవాట్-గంటే. మూడు టన్నుల ట్రైలర్ టైర్లు నేలపై దొర్లడానికి అదే దూరంలో అయ్యేది ఎనిమిది యూనిట్లు మాత్రమే. వేగాన్ని 72కు తగ్గిస్తే గాలి వాటా 20 యూనిట్లకు దిగుతుంది, టైర్ల వాటా దాదాపు మారదు.

కొండదారుల్లో బరువు తప్పక లెక్కకు వస్తుంది: మూడు టన్నులను వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చడానికి ఇంకో ఎనిమిది యూనిట్లు పడుతుంది. అయితే దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది కనుక బరువుకు పెట్టినది చాలావరకు తిరిగి వసూలయ్యే అప్పు, గాలికి పెట్టినది పైసా రాని బాకీ.

మరి పెట్రోలు బండ్ల కాలంలో ఇది ఎవరినీ ఇంతగా ఎందుకు నొప్పించలేదన్న ప్రశ్నకు సమాధానం ఇంజన్ లోపంలోనే ఉంది. తేలికపాటి భారంతో నడిచే పెట్రోలు ఇంజన్ ఇంధన శక్తిలో అధిక భాగాన్ని వేడిగా పారబోస్తుంది. భారం పెరిగే కొద్దీ దాని సామర్థ్యం మెరుగుపడుతుంది కనుక, పని రెట్టింపైనా ఇంధనం అదే నిష్పత్తిలో పెరగదు. విద్యుత్ మోటారు ఖాళీగా వెళ్లేటప్పుడే అందిన శక్తిలో తొంభై శాతం వరకు చక్రాలకు చేరుస్తుంది కాబట్టి, మెరుగుపడటానికి దానిలో మిగిలిందేమీ లేదు, అదనపు పని మొత్తం బ్యాటరీలో యథాతథంగా కనిపిస్తుంది. పైగా లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది గనుక, 130 యూనిట్ల భారీ పికప్ బ్యాటరీ పదిహేను లీటర్ల పెట్రోలుకైనా సరిపోలదు. ఇంతకాలం ట్రైలర్ ఆకారంలోని దోషాన్ని కప్పిపుచ్చింది పెట్రోలు ట్యాంకేనంటే తప్పులేదు.

దీనికి ఇంజనీర్లు కనుగొన్న ఉపాయాల్లో అందమైనది ట్రైలర్‌కే బ్యాటరీని, మోటార్లను అమర్చడం. వినడానికి సులువుగా ఉన్నా ఇందులో ఒక చిక్కుంది: వెనుక బండి ముందు బండిని ఏ క్షణంలోనూ తోయకూడదు, ఎందుకంటే మలుపులో వెనుక నుంచి తోపు తగిలితే వాహనం వెనుకభాగం పక్కకు జారి, రెండు బండ్లూ మడతకత్తిలా ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. అందుకని కొక్కెం వద్ద బలాన్ని కొలిచే సెన్సర్‌ను పెడతారు. లోహంలో కలిగే అతిసూక్ష్మమైన సాగుదలను అది విద్యుత్ సంకేతంగా మార్చగా, ఆ సంకేతాన్ని ఎడతెగకుండా చదివే కంప్యూటర్, కొక్కెంపై లాగుడు ఎప్పుడూ స్వల్పంగా మిగిలి ఉండేలా మోటార్ల శక్తిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. డ్రైవర్‌కు మూడు టన్నుల ట్రైలర్ చిన్న బండిలా అనిపిస్తుంది, కాని అది వెనుకనే ఉందన్న స్పృహ పోదు. ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు మోటార్లుంటే, ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలైనప్పుడు రెండింటికీ భిన్నమైన బలం ఇచ్చి ఆ ఊపును అణచవచ్చు. 2021లో జర్మనీకి చెందిన డెత్‌లెఫ్స్ సంస్థ ఇటువంటి ప్రయోగాత్మక ట్రైలర్‌ను ఆడి ఈ-ట్రాన్ కారుతో ఇస్నీ పట్టణం నుంచి ఆల్ప్స్ మీదుగా ఇటలీలోని గార్డా సరస్సు దాకా, 386 కిలోమీటర్లు, దారిలో చార్జింగ్ లేకుండా నడిపించింది. ఎయిర్‌స్ట్రీమ్ నమూనా 2022లోనూ, లైట్‌షిప్, పెబుల్ సంస్థల బండ్లు 2023లోనూ వెలువడ్డాయి; వాటిలో లైట్‌షిప్ బండి రోడ్డుపై కప్పును కిందికి దించుకొని, విడిది దగ్గర పైకి లేపుతుంది, అంటే బ్యాటరీతో పాటు బౌలస్ పాఠాన్నీ కలుపుకుంది.

గ్రిడ్‌కు దూరంగా, ఉదాహరణకు అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ప్రభుత్వ భూములను నిర్వహించే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ సాధారణంగా 14 రోజుల వరకు విడిదిని అనుమతించే బయలు భూముల్లో ఆగినప్పుడు, దారిలో మోటార్లను తిప్పిన బ్యాటరీయే ఇంటిని నడపాలి. ఏసీని ఒక రాత్రి నడపడానికి పది పన్నెండు యూనిట్లు, ఫ్రిజ్‌కు, వంటకు, నీటి పంపుకు కలిపి మరో మూడు నాలుగు పడతాయి. పైకప్పుపై ఒక కిలోవాట్ సౌర పలకలుంటే మంచి ఎండలో రోజుకు అయిదు యూనిట్లు వస్తాయి, అదీ ట్రైలర్‌ను చెట్టు నీడన నిలపకుండా ఉంటేనే, అయితే నీడ లేకపోతే ఏసీ మరింత పని చేయవలసి వస్తుంది. 80 యూనిట్ల బ్యాటరీలో సగం దారిలోనే ఖర్చుపెట్టి చేరిన కుటుంబం సౌర పలకల సాయం లేకుండా మూడు రాత్రులు చల్లగా నిద్రపోతే, తిరుగు ప్రయాణానికి ట్రైలర్ నుంచి అందే సాయం దాదాపు ఉండదు. అప్పుడు వారికి మిగిలే మార్గం వేగాన్ని 90 నుంచి 72కు దించడమే, దానివల్ల ప్రతి వంద కిలోమీటర్లకు మిగిలే పదకొండు యూనిట్లు ఒక రాత్రి ఏసీకి అయిన ఖర్చుతో ఇంచుమించు సరిపోతాయి.