కల్చర్‌లో ఏమీ రాలేదంటే జబ్బు లేదని కాదు

మిరప కోతల రోజుల్లో వినుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట చెవిన పడుతూనే ఉంటుంది. "మూత్రంలో మంటకు కల్చర్ చేయించాం. ఏమీ రాలేదు. ఇన్ఫెక్షన్ లేదంట, వట్టి వేడేనంట." ఈ ఒక్క మాట పట్టుకుని నెలల తరబడి బార్లీ నీళ్లతో నెట్టుకొస్తారు. ఈలోపు లోపల ఒక కిడ్నీ పనికిరాకుండా పోవచ్చు. అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది, ఆ మాట తప్పు.

మామూలు మూత్ర కల్చర్ ఈ.కోలై లాంటి క్రిములను పట్టడానికి పెట్టిన పరీక్ష. అవి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడతాయి. క్షయ (టీబీ) క్రిమి ఒక్కసారి రెట్టింపు కావడానికే 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది. దాన్ని పెంచడానికి వాడే పదార్థమే వేరు, గుడ్డు కలిపి చేస్తారు. అందులో కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ఆ క్రిమి కోసం వెతకనే వెతకని పరీక్ష చూసి, అది లేదని తేల్చేస్తే ఎలా? అసలు మూత్రంలో పస్ సెల్స్ నిండుగా ఉండి కల్చర్‌లో ఏమీ రాకపోతే, తప్పక అనుమానించాల్సిన వాటిలో కిడ్నీ టీబీ ఒకటి. ఊరట పడాల్సిన రిపోర్టు కాదది.

దీనికి మందుల షాపు బిళ్లలు తోడవుతాయి. కల్చర్‌కు ముందే నాలుగు బిళ్లలు మింగితే మామూలు క్రిములు కూడా పరీక్షకు దొరకకపోవచ్చు. ఓఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివైతే క్షయ క్రిమిని కూడా కొన్నాళ్లు అణచి ఉంచుతాయి. మంట తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ అవే బిళ్లలు. జబ్బు ముదురుతూనే ఉంటుంది, పరీక్షకు మాత్రం చిక్కదు.

"దగ్గు లేదు, టీబీ ఎలా వస్తుంది?" అని అడుగుతారు. ఎప్పుడో ఊపిరితిత్తుల్లోకి చేరిన క్రిమి రక్తంతో పాటు కిడ్నీకి వెళ్లి అక్కడ ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. అది నిద్ర లేచేసరికి ఐదేళ్లు కావచ్చు, ఇరవై ఏళ్లూ కావచ్చు. అప్పటికి ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు. నడుం నొప్పి కూడా రాకపోవచ్చు. జబ్బు మూత్రాశయం దాకా దిగాకే మంట, రాత్రిళ్లు పదే పదే లేవడం, ఒక్కోసారి నొప్పి లేకుండా ఎర్రటి మూత్రం మొదలవుతాయి. జ్వరం చాలామందికి రాదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగుందని ధైర్యం చెప్పుకోవడమూ పొరపాటే. ఒక కిడ్నీ సుద్దలా గట్టిపడి చచ్చిపోయినా, రెండోది బాగుంటే ఆ అంకె మారకపోవచ్చు. ఆ సుద్దనే స్కానింగులో రాయి అనుకుని కొండపిండి ఆకు రసం తాగినవాళ్లకు పోయేది విలువైన సమయం.

ఇంకా అరుదైన కిడ్నీ జబ్బు ఒకటుంది, జాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్. ఏళ్ల తరబడి వదిలేసిన పెద్ద రాయి, దాని వెనక మానని చీము, ఆ చీములో కొవ్వు నిండిన కణాలు. నడివయసు ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. సీటీలో అచ్చం క్యాన్సర్ గడ్డలా కనపడుతుంది కాబట్టి, కిడ్నీ తీసి ముక్కను పరీక్షించాక గానీ తేలని సందర్భాలున్నాయి. అంటే నిపుణులకే కష్టమైన పని ఇది. అరుగు మీద కూర్చుని "వేడి" అని తేల్చేది కాదు.

వేడి మాటలో కొంత నిజం లేకపోలేదు, ఒప్పుకుంటాను. చేలో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి కూలికెళ్లే ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. మూత్రం చిక్కబడి మండుతుంది. నీళ్లు, మజ్జిగ తాగితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అలా తగ్గితే సరే. రెండు వారాలైనా తగ్గకపోతే అది వేడి కాదు.

మిగతా అపోహల గురించి క్లుప్తంగా. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను ఈ మంటకు కారణం అనుకోకండి. అది పళ్లనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది, మూత్రంలో పస్ సెల్స్ పుట్టించదు. కిడ్నీ టీబీ ఉన్న మనిషికి కంచం, గ్లాసు వేరు పెట్టనక్కర్లేదు. టీబీ మందు మొదలెట్టాక మూత్రం నారింజ రంగులోకి మారితే అది రక్తం కాదు, రిఫాంపిసిన్ రంగు. ఆ భయంతో మందు ఆపకండి.

చేయాల్సింది ఇదీ. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చిందా, మీకు మెడలో గడ్డలు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు వచ్చాయా, డాక్టరుకు దాచకుండా చెప్పండి. క్రిములు రోజూ మూత్రంలోకి రావు కాబట్టి, నిద్ర లేవగానే పోసిన మొదటి మూత్రాన్ని వరసగా మూడు నుంచి ఐదు రోజులు ఇవ్వండి. టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్ష రెండు గంటల్లో ఫలితం చెబుతుంది. అదీ ఒక్కోసారి తప్పిపోతుంది, కాబట్టి టీబీ కల్చర్, సీటీ కూడా అడగండి. తేలితే ఆరు నెలల మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. 2024 నవంబరు నుంచి తిండి ఖర్చుకు నెలకు వెయ్యి రూపాయలూ ఇస్తోంది. మందు తింటున్నప్పుడు కూడా మూత్రనాళం మూసుకుపోవచ్చు, మధ్యలో స్కానింగులు మానకండి.

మీ ఇంట్లో ఎవరికైనా మూత్రంలో మంట రెండు వారాలు దాటి, కల్చర్‌లో ఏమీ రాలేదన్న రిపోర్టు బీరువాలో ఉంటే, ఈ వారమే ఆ కాగితం తీసుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. "టీబీకి చూశారా?" అని అడగండి.